ఆ ఫోటో మీద పేరు రాసింది నేనే

వికారాబాద్ పోయొచ్చిన అంటే చాలు, అనంతగిరి ఎక్కినవా అని అడుగుతరు అందరు. ఎక్కలే. గుట్ట చూడలే, గుడి చూడలే, ఫోటోలు దిగలే. మూడు రోజులు వికారాబాద్, తాండూరు దిక్కు తిరిగి ఇద్దరు ఆడోళ్లను కలిసొచ్చిన. గా ముచ్చటే రాస్తున్న. గుట్ట కోసం చదివేటోళ్లు ఇక్కడనే ఆగిపోండ్రి.

నా కొలువు గురించి జర చెప్పాలె, లేకుంటే ఈ ప్రయాణం సమజ్ కాదు. హైదరాబాద్ల ఒక పెద్దాసుపత్రి ఎనక మా ల్యాబ్ ఉంటది. రొమ్ము కాన్సర్ ఆపరేషన్ల తీసేసిన కండల నుంచి గోరంత ముక్క మాకొస్తది. రక్తనాళాల గోడలకు మాత్రమే అంటుకునే రంగు దానికి పట్టించి, రోజుల తరబడి మందు నీళ్లల్ల నానబెడ్త. అట్ల నానితే కండ అద్దం లెక్క తేటగైతది, లోపలి నాళాలు ఒక్కటే మిగుల్తయి. అప్పుడు లేజర్ మైక్రోస్కోపు కింద పెట్టి పొర పొరకు ఫోటోలు తీస్త. అన్నీ కలిపితే త్రీడీ బొమ్మొకటి తయారైతది. పన్నెండేండ్ల సంది గిదే పని.

మంచి రొమ్ముల నాళాలు ఎండిన బీరకాయ పీచు లెక్క ఉంటయి. సన్నగ, ఒక పద్ధతిల, పాలగ్రంథుల చుట్టు బుట్ట అల్లినట్టు. గడ్డల నాళాలకు పద్ధతే ఉండది. ఒకకాడ ఉబ్బి, ఒకకాడ సన్నబడి, తిరిగిందే తిరిగి, సగంలనే ఆగిపోతయి. 

పోయిన ఎండకాలంల మా సారుకు ఒక ఆలోచన వచ్చింది. ముక్కలిచ్చిన ఆడోళ్లను పిలిచి, దండం పెట్టి, మేము తీసిన బొమ్మ ఒకటి చేతిల పెడ్దామన్నడు. ఎవరిది వాళ్లకే ఇద్దామా సార్ అన్న. "గడ్డల బొమ్మలు చూస్తే భయపడతరు, మంచిదొకటి తియ్యి, అందరికి గదే ఇయ్యి" అన్నడు. నాకు గూడ గదే మంచిగనిపించింది. కాన్సర్ లేని ఒక పిల్ల, బరువు ఎక్కువై రొమ్ములు తగ్గించుకున్నది, ఆమె కండ బొమ్మ మస్తుంటది. పదిహేను కాపీలు తీసిన. ఉత్తగ ఇస్తే ఏం బాగుంటదని, స్కెచ్ పెన్ను పట్టుకొని, కింద ఒక్కొక్కరి పేరు ముద్దుగ రాసిన. ఎవరు రాయమన్నరు నన్ను? ఎవ్వరు రాయమనలే.

నాలుగు నెలలైనంక వార్డు సిస్టర్ ఒక మాట చెప్పింది. తాండూరు దిక్కు నుంచి వచ్చే సాయమ్మ అప్పటి సంది రాలేదట. ఆపరేషన్ అయింది గని, సెలైన్ల ఎక్కిచ్చే కీమో మందు ఇంక నాలుగు సార్లు మిగిలింది, కరెంటు పెట్టుడు, అంటే రేడియేషన్, మొదలే కాలే. ఫోన్ స్విచ్ఛాఫ్. "ల్యాబోళ్ల పని కాదది" అన్నడు సారు. నిజమే, కాదు. కొత్త ఫారాల మీద వికారాబాద్ల ఒకరిది, సాయమ్మది సంతకాలు కావాలె అని సాకు చెప్పి, మూడు రోజుల సెలవు పెట్టిన. సాయమ్మ ఎందుకు రాట్లేదో తెలుసుకోవాలె, ఎట్లన్న తోలుకరావాలె. గంతే పని.

వికారాబాద్

రైలు దిగంగనే గాలి మారింది. ఉప్పల్ల ఉండేదానికి ఆ గాలి పీలిస్తే జర ఈర్ష్య పుట్టింది. స్టేషన్ బయట సీతాఫలాలు గంపలు గంపలు. గంప మూడు వందలన్నది అమ్మేటామె. మా దిక్కు నాలుగు పండ్లకు వంద గుంజుతరు. రెండు వందలకు అడిగితే, "హైదరాబాదోళ్లు వచ్చి గిట్లనే అడుగుతరు, ఆడవోయి ఏమనకుండ కొంటరు" అని మొఖం తిప్పుకున్నది. నోరు మూసుకొని మూడు వందలిచ్చిన.

సరోజనమ్మ ఇల్లు బజారు ఎనకనే. నవాబుపేట కాడ భూములున్న పటేండ్లు, ఊర్ల ఎరువుల దుకాణం. ఆసుపత్రిల సాయమ్మ పక్క మంచం ఈమెదే. తలుపు తీసి నన్ను చూసి, "అయ్యో, ఫోటో మేడం!" అని చేయి పట్టుకొని హాల్లకు గుంజుకపోయింది.

చూద్దును గద, గోడకు నా బొమ్మ. బంగారు రంగు ఫ్రేమ్ కట్టించింది. కింద నా చేతిరాతతోటి ఆమె పేరు. పక్కన దేవుని పటం, దానికి పెట్టిన కుంకుమే దీనికి గూడ పెట్టింది.

"ఎవలొచ్చినా చూపిస్త సుజాతా. రిపోర్టు గింత మంచిగొచ్చిందని మా వదిన సుత కుళ్లుకున్నది" అన్నది.

"ఇది రిపోర్టు కాదమ్మా."

"కాదంటవేంది? నా పేరున్నది గద."

 మందులు ఆపినవా అమ్మా అని అడిగిన. ఆపుదామనే అనుకున్నదట. తమ్ముని కొడుకు డాక్టరట. వాడొచ్చి, ఇదేం రిపోర్టు, ఎవడిచ్చిండు, నోరు మూసుకొని దవాఖానకు నడువు అని తిట్టిండట. వాడు తిట్టబట్టి పోయింది. ఇప్పుడు అన్నీ అయిపోయి మంచిగుంది. ఇంట్ల తిట్టే డాక్టరున్నోళ్లు బతుకుతరు. లేనోళ్లకు నా స్కెచ్ పెన్ను రాతే దిక్కాయె.

"మరి సాయమ్మతోటి ఎప్పుడన్న మాట్లాడినవా?"

"మాట్లాడకేం? నాకు ఫోన్ చేసి, అక్కా నా బొమ్మ గూడ గిట్లనే ఎర్రగ, సన్నగ ఉన్నదన్నది. నాదీ గట్లనే ఉన్నది, ఇంకేం ఫికర్ పెట్టుకోకు అని నేనే చెప్పిన." చెప్తుంటనే ఆమె మొఖం మారింది. "ఇద్దరియ్యి ఒక్క తీర్గ ఎట్లుంటయి, సుజాతా?"

చెప్పిన. పదిహేను మందికి ఒక్కటే బొమ్మ అని, అది హైదరాబాద్ల ఒక పిల్ల కండదని చెప్పిన.

గోడ మీది ఫ్రేమ్ దిక్కు చూసింది. తర్వాత, "థూ. పరాయి పిల్ల రొమ్మును తెచ్చి నా హాల్ల పెట్టుకున్ననా? దానికి కుంకుమ పెడ్తున్ననా రోజు?" అన్నది. కుర్చీ ఎక్కబోయింది. నేను ఆపి, నేనే ఎక్కి ఫ్రేమ్ దించిన. దాన్ని గోడ దిక్కు తిప్పి, మంచం సందుల నెట్టింది. అంత కోపంల గూడ అన్నం తినకుండ పోనియ్యలే. పుంటికూర పప్పు, జొన్నరొట్టె, పల్లికారం. మా నల్లగొండల రొట్టె ఎప్పుడో ఒకనాడు చేసుకుంటం, ఈడ రొట్టె లేకుంటే అది తిండే కాదు. వడ్డించుకుంటనే తిట్టింది. తిట్లు తినుకుంటనే రెండు రొట్టెలు తిన్న. సంతకం పెట్టుమంటే, "ఇంక నా పేరు నీ కాయితాల మీద ఉండొద్దు" అన్నది. నేను సుత మళ్ల అడగలే.

తప్పిన బండి

అదే రోజు తాండూరు చేరాలె.  స్టేషన్ల నిలబడ్డ బండిని చూసి ఎక్కి కూసున్న. మనసు ఏడనో ఉన్నది. వికారాబాద్ కాడ పట్టాలు రెండు దిక్కుల పోతయి, ఒకటి తాండూరు దిక్కు, ఇంకొకటి బీదర్ దిక్కు. చాలా దూరం పోయినంక పక్కన కూసున్న ముసలాయనను, తాండూరు ఎంతసేపు తాతా అని అడిగిన. ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసిండు. "తాండూరా? నువ్వు బీదర్ బండిల ఉన్నవు బిడ్డా. చదువుకున్నట్టే కొడ్తున్నవు, బోర్డు చూసుకోలేదా?"

బోర్డు చూడకుండ బండెక్కుడు నాకు అలవాటే గద, చూస్తనే ఉన్నరు. మర్పల్లిల దిగి, బస్సు కోసం నిలబడి నిలబడి, తాండూరు చేరేసరికి పొద్దుగూకింది. సీతాఫలాల గంప బీదర్ బండిలనే ఉండిపోయింది. తాత తినే ఉంటడు, తిననీ.

తాండూరు

తాండూరుల అంతా బండల దుమ్ము. ఊరి బయట నాపరాళ్లు తవ్వే గనులు, కోసే మిషన్లు. చెట్ల ఆకుల మీద, దుకాణాల రేకుల మీద, మనుషుల కనుబొమ్మల మీద బూడిద రంగు పొర. మా ఇంట్ల సుత కిందేసింది గీ బండలే అని లాడ్జి గదిల కాలు మోపినంక యాదికొచ్చింది.

పొద్దుగాల బస్టాండు కాడ హోటల్ల రొట్టె పదిహేను రూపాయలు, పప్పు ఉత్తగనే. ఈడి కందిపప్పు పేరు వినుడే గని, ఈడ తింటె తెలిసింది. ఉప్పు, పచ్చిమిర్చి తప్ప ఇంకేం వేయకున్నా కమ్మగుంది. రుచి మంచిగున్నందుకు గూడ నా మీద నాకే కోపమొచ్చింది.

బస్సుల నా పక్కన కూసున్నామె "ఎల్లిగె?" అని అడిగింది. కన్నడం. ఏడికి పోతున్నవు అని. ఊరి పేరు చెప్తే తెలుగుల, "ఆడ నీ చుట్టాలున్నరా?" అన్నది. "ఉన్నరు" అన్న. ఇంకేం అనాలె? దారి పొడుగూత కందిచేన్లు, పసుపు పూత మీదున్నయి. ఊరి పేరు రాస్తలేను, వాళ్లనడిగి రాస్తున్నది కాదిది.

గొర్ల దొడ్డి కాడ

సాయమ్మోళ్లు కురుమలు. ఇంటి ముంగట గొర్ల దొడ్డి, పందిరి కింద గొంగడి నేసే మగ్గం. భర్త మల్లయ్య దొడ్డిల గడ్డి వేస్తున్నడు. నన్ను గుర్తుపట్టి, "మా ఇంటిదాన్ని బతికిచ్చిన మేడం వచ్చింది" అని గట్టిగ పిలిచిండు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

అడగకముందే చెప్పవట్టిండు. నా బొమ్మ ఊర్లె డాక్టరుకు చూపిచ్చిండ్రట. డాక్టరంటే సూదులిచ్చే డాక్టరే. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, నరాలన్నీ మంచిగున్నయి, రోగం పోయింది అన్నడట. ఆపరేషన్ కాకముందు మల్లయ్య వాళ్ల కులదేవుడు బీరప్పకు మొక్కుకున్నడు. రోగం పోయిందని తేలితే పొట్టేలును కోస్తనని. అందుకని మందల అన్నిట్ల పెద్ద పొట్టేలును కోసిండు. డోలు కొట్టిచ్చిండు. దౌల్తాబాద్ నుంచి సుత చుట్టాలొచ్చి రెండు దినాలు తిన్నరు.

"మరి మిగిలిన మందు?" అన్న.

"మొక్కు అప్పజెప్పినంక మల్ల దవాఖాన తొవ్వ పడితే బీరప్పను నమ్మనట్టే గద బిడ్డా" అన్నడు. ఎంత నెమ్మదిగ చెప్పిండంటే, నాకు తెల్వని పాఠం నాకు నేర్పుతున్నట్టు. మా దిక్కు సుత మొక్కులుంటయి, గని తీరినంక ఎవరి పని వాళ్లది. ఈడ మొక్కు అప్పజెప్పుడంటే దేవునితోటి ముచ్చట ముగిసినట్టే.

సాయమ్మ నన్ను ఇంటెనుకకు తీస్కపోయింది. చేతిల కదురు, దాని మీద నల్ల ఉన్ని దారం. సన్నబడ్డది మనిషి. ఇంకెవరు లేరని చూసుకొని, కొంగు జరిపి, కుట్టు మీద పక్కకు చూపిచ్చింది. వేలితోటి ముట్టిన. రేగుపండంత గడ్డ, గట్టిగ. చంకల ఇంకొకటి.

"ఎన్నాళ్లాయె?"

"విందు అయిన పదిహేను దినాలకే తెలిసింది."

"మరి చెప్పకపోతివి?"

"ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె బిడ్డా? పొట్టేలు తెగె, ఊరు తినె. మల్ల గడ్డ లేసిందంటే దేవుని అబద్ధాలోన్ని చేసినట్టు గాదా? మా ఆయన మందకు ఏదన్న అయితదని వణుకుతడు. ఊకున్న."

నేను సంచిల నుంచి రెండు బొమ్మలు తీసిన. ఒకటి అందరికి ఇచ్చింది. ఇంకొకటి ల్యాబ్ల దాచిపెట్టింది, ఆమె గడ్డది; అడిగితే చూపిద్దామని వచ్చేటప్పుడే సంచిల వేసుకున్న. ఆమె చేతిల పెట్టిన. పుట్టినప్పటి సంది ఉన్ని వడికిన చేతులు. మొదటిదాన్ని ఒక్కసారి చూసి పక్కకు పెట్టింది. రెండోదాని మీద వేలు పెట్టి ఒక నాళం ఎంబడి పోయింది. అది ఆగినకాడ ఆగింది.

"గిది వడుకు రానోళ్లు వడికినట్టున్నది. ఒకకాడ లావు, ఒకకాడ సన్నం. గిట్లాంటి దారంతోటి గొంగడి నేస్తే నిలువది" అన్నది. "గిది నాదేనా?"

"నీదే."

"మరి గది?"

"పరాయి పిల్లది. పేరు నేను రాసిన. తప్పు నాదే సాయమ్మా. నీ కాళ్లు మొక్కుత, రేపు నాతోటి దవాఖానకు రా."

"నాకు చెప్తే ఏమైతది? ఆయనకు చెప్పు" అన్నది.

మల్లయ్య ముంగట రెండు బొమ్మలు మంచం మీద పరిచిన. ఉన్నది ఉన్నట్టు చెప్పిన, గడ్డ మళ్ల లేసిందని సుత చెప్పిన. ఆయన లేచి నిలబడ్డడు. కొడతడేమో అనుకున్న, కొడితే సుత కిమ్మనకపోదును. "పేరు నువ్వే రాసినవు గద? మాకు చదువు రాదు, నీకొచ్చు గద?" అన్నడు. అని దొడ్డిలకు పోయి మళ్ల గొర్లకు గడ్డి వేయవట్టిండు. అయిపాయె, ఇంక రాడు అనుకున్న.

తిరిగొచ్చి, "ఒక మాట సాఫ్ జెప్పు. దేవుడు అబద్ధమాడిండా, నువ్వాడినవా?" అని అడిగిండు.

నేను అబద్ధమాడిన అని అనుకోలే గీ నాలుగు నెలలు. మంచి మనసుతోటి ఇచ్చిన అనుకున్న, తప్పు అర్థం చేసుకున్నరు అని వాదించొచ్చు అనుకున్న. దారి పొడుగూత గా మాటలే తయారు చేసుకున్న. గని ఆయన మొఖం చూస్తే సమజైంది. దేవుని మీద మాట రావద్దు, గంతే ఆయనకు కావాల్సింది. నింద మోయడానికి ఒక మనిషి కావాలె.

"నేనే ఆడిన" అన్న.

"ముగ్గురు పెద్దలను పిలుస్త, వాళ్ల ముంగట అను."

కులపెద్దలను ముగ్గురిని పిలిచిండు. వాళ్ల ముంగట నిలబడి, నేను దొంగ ఫోటో మీద పేరు రాసిచ్చిన, మీరు మోసపోయిండ్రు అన్న. అందుల పెద్దాయన, "అయితే ఆ మొక్కు మొక్కు కాదు. దొంగ కాయితం మీద అప్పజెప్పిండ్రు, అది లెక్కకు రాదు. మొక్కు ఇంక అట్లనే ఉన్నది, దవాఖానకు పోవచ్చు" అన్నడు. ఇంకొకాయన నా దిక్కు చూసి, "గిసొంటోళ్లకు కొలువులెట్లిస్తరో" అన్నడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండు మింగిన. పన్నెండేండ్ల పని, ఒక్కసారన్న లంచం పట్టని చేతులు. గని నన్ను దొంగను చేస్తేనే ఆమె కదులుతదంటే, చేయనీ.

తిరుగు బండి

తెల్లారి ముగ్గురం బండెక్కినం. ఈసారి బోర్డు చూసుకున్న, మూడుసార్లు చూసుకున్న. మందను మల్లయ్య తమ్ముడు చూసుకుంటనన్నడు. సాయమ్మ కిటికీ పక్కన కూసొని వికారాబాద్ గుట్టలొచ్చినప్పుడు, "మేపుకు మంచి జాగ" అన్నది. రొట్టెలు, ఉల్లిగడ్డ మూట విప్పింది, నాకూ ఒకటిచ్చింది.  నేను నీళ్ల సీసా ఇస్తే మల్లయ్య ఆమె చేతికియ్యమని సైగ చేసిండు, నా చేతి నుంచి తీసుకోలే. 

దవాఖాన

స్కాన్ మూడో రోజు వచ్చింది. కాలేయంల నాలుగు మచ్చలు. పెద్ద డాక్టరు నాకే ఇంగ్లీషుల చెప్పిండు, ల్యాబ్ మనిషిని గద. ఎండకాలంల ఆపకుండ మందు తీసుకొని ఉంటే అని అడిగిన. "గప్పుడు చేతిల జర ఉండె. ఇప్పుడు పోగొట్టుడు కాదు, కొన్నాళ్లు ఆపుడే" అన్నడు. కొన్నాళ్లంటే ఎన్ని అని అడిగే ధైర్యం నాకు లేకపాయె.

మధ్యలనే మా సారు ఫోన్. కొత్త గడ్డ ముక్క వస్తదని వార్డుల విన్నడట. "తిరగబెట్టిన కేసు దొరకుడు కష్టం, పాత బొమ్మ మన కాడ ఉన్నది, రెండు పక్కపక్కన పెట్టొచ్చు. ఫారం మీద సంతకం తీసుకున్నవా?" అన్నడు. ఫోన్ కట్ చేసిన. ఆయన చెడ్డోడు గాదు, గదే నాకు ఇంక ఎక్కువ బాధ.

సాయమ్మ డాక్టరు గది తలుపు కాడ నిలబడ్డది. బయట బల్ల మీద మల్లయ్య కూసున్నడు, చేతుల తువ్వాల పట్టుకొని.

"ఏమన్నడు డాక్టరు?" అని అడిగింది.

ఈసారి ముద్దుగ చెప్పే పని పెట్టుకోలే. "కార్జానికి పాకింది. మందు ఇస్తరు గని పూర్తిగ పోదు" అన్న.

నా మొఖం దిక్కు చూసింది. నేను ఏడుస్తున్ననని అప్పుడు తెలిసింది నాకు. ఆమె ఏడవలే. కొంగు సర్దుకున్నది. నేను బల్ల దిక్కు అడుగేయబోతే చేయి పట్టి ఆపింది.

"మా ఆయనకు నేను చెప్త" అన్నది. "నువ్వు చెప్పకు బిడ్డా. నువ్వు చెప్తే నమ్మడు."